వసంతారంభంలో తేలినీలాపురం విడిది పక్షులు

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురానికి ఏటా సెప్టెంబరు నుంచి చేరుకునే గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) గ్రామంలోని చెట్లపై గూళ్లు కట్టి సంతానాన్ని వృద్ధి చేసుకుంటాయి. వసంతారంభానికి పిల్లలకు ఎగిరే శక్తి వస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో అవి పెద్ద పక్షులతో కలిసి తిరుగు ప్రయాణమవుతాయి.

ఇవి సైబీరియా నుంచి వస్తాయన్న ప్రచారం వాస్తవం కాదు. ఈ రెండు జాతులూ దక్షిణ, ఆగ్నేయాసియా ప్రాంతాలకు చెందినవే.

పక్షుల రాకను శుభసూచకంగా భావించే గ్రామస్థులు వాటికి హాని తలపెట్టరు. నౌపడా చిత్తడి నేలలు, పరిసర చెరువుల్లోని చేపలే వీటి ప్రధాన ఆహారం. 2021 డిసెంబరు అనంతరం ఇక్కడ వందకు పైగా గూడబాతులు మరణించగా, చేపల ద్వారా సోకిన నులిపురుగులే అందుకు కారణమని వెల్లడైంది. అందువల్ల గూళ్లున్న చెట్లతో పాటు, మేత లభించే నీటి వనరులను కూడా పరిరక్షించవలసిన అవసరం ఉన్నది.