విత్తనపు సొరకాయ

తెలుగునాట కొన్ని సీమలలో సొరకాయ, కొన్నింట ఆనపకాయ. మహారాష్ట్రలో దూధీ, ఉత్తరాదిన లౌకీ. పేర్లు వేరైనా గింజ ఒక్కటే. అంగడిలో కొన్న కాయ ఒక పూట కూరతో ముగుస్తుంది. ఇంటి గింజతో పెంచిన పాదు ఏటేటా మళ్ళీ మొదలవుతుంది. బాల్యంలో ఈ విద్య అలవడినవారికి వార్ధక్యం వరకు అది తోడుంటుంది.

రాత్రి నానబెట్టిన గింజను పదునుగల నేలలో నాటితే సుమారు వారం దినాలలో మొలక తలయెత్తుతుంది. రెండు నెలలకు కాపు. తెల్లని పూవులు సాయంకాలం విచ్చుకొని మరునాటికి వాడిపోతాయి. ఒకే తీగపై మగపూలు, ఆడపూలు వేర్వేరుగా ఉంటాయి. అడుగున చిన్న పిందె గలది ఆడపూవు. పొరుగున మరొక రకం సొర ఉంటే పుప్పొడి కలిసి, తరువాతి తరంలో కాయ తీరు మారవచ్చు. అందుచేత జాగ్రత్తపరులు మొగ్గలను ముందే దారంతో కట్టి, సాయంకాలం మగపూవును ఆడపూవుకు తాకించి, తిరిగి మూసివేస్తారు. పరాగ సంపర్కాన్ని బోధించడానికి ఇంతకు మించిన పాఠం పుస్తకాలలో అరుదు.

విత్తనానికి ఉంచవలసినది కూరకు పనికిరాక మిగిలిన కాయ కాదు. ఆరోగ్యమైన తీగకు కాసిన మేలైన కాయ. దానిని కోయకుండా ఆగడమే ఇల్లాలికి కష్టమైన పని! ఒక్క హెచ్చరిక: చేదు సొర ప్రాణాపాయం కలిగించగలదు. చేదుకాయ కాసిన పాదు నుండి కూరా వద్దు, విత్తనమూ వద్దు. తొడిమ ఎండి, పెంకు గట్టిపడి, ఊపితే గింజలు గలగలలాడే వరకు కాయ తీగపైనే ఉండాలి. ఇట్లు ముదిరి ఎండిన బుర్రలే తంబురాకు, సితారుకు కుండలవుతాయి. మిరజ్ వాద్యశిల్పులకు అవి పండరిపురం ప్రాంతపు పొలాల నుండి వస్తాయి.

సంకరజాతి విత్తనం విరివిగా కాస్తుందనుట నిజమే. కాని దాని గింజలకు తల్లి పోలిక నిలువదు, ఏటేటా కొనవలసిందే. ఏ ఇంటా విత్తనపు కాయ మిగల్చక, దాచిన గింజలూ చెడిపోయిననాడు ఆ ఊరి నాటు రకం అంతరిస్తుంది. మహారాష్ట్రలోని అకోలే తాలూకాకు చెందిన ఆదివాసి మహిళ రాహీబాయి పోపెరే బడి చదువు లేకుండానే ఈ నష్టాన్ని గుర్తించి, నాటు విత్తనాలను సేకరించి పంచిపెట్టినారు. 2020లో ఆమెకు పద్మశ్రీ లభించింది. విత్తనం దాచుకొని ఇతరులతో పంచుకొనే రైతు హక్కును 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కూడా గుర్తించింది.

గింజలను నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, తడి తగలని చోట దాచుతారు. ఒక్క కాయలో వందలకొద్దీ గింజలుంటాయి; ఇంటికి కావలసినవి నాలుగైదు. తక్కినవి ఇరుగుపొరుగు దోసిళ్ళలోనికి చేరుతాయి.