మోజార్టు హాస్యగీతములు – ఒక ఇల్లాలి వివేకము

నవరసములలో హాస్యమునకు పీఠమిచ్చిన మన లాక్షణికులు ఆ నవ్వులోను తారతమ్యములను గుర్తించిరి. భరతముని నాట్యశాస్త్రమున స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని నవ్వును ఆరు విధములుగ విభజించి, మొదటి రెండును ఉత్తములకు, నడిమి రెండును మధ్యములకు, కడపటి రెండును అధములకు చెల్లునని చెప్పెను. ఈ విభాగము చదివినపుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును. ఒక్క మనుష్యునియందే మొదటి నవ్వును కడపటి నవ్వును కూడ నివసించినచో, అతనిని ఏ వరుసలో కూర్చుండబెట్టవలెను?

ఈ సందేహమునకు గొప్ప ఉదాహరణము పాశ్చాత్య సంగీతమున గలదు. వుల్ఫ్‌గాంగ్ అమెడియస్ మోజార్టు 1756వ సంవత్సరము జనవరి 27వ తేదీన సాల్జుబర్గు నగరమున జన్మించి, 1791 డిసెంబరు 5వ తేదీన వియన్నాలో ముప్పదియైదేండ్ల ప్రాయముననే గతించెను. ఆయన దేవాలయ సంగీతమును విన్నవారికి మనస్సు నిర్మలమగును. ఆయన నాటకగీతములను విన్నవారికి మనుష్యుల తప్పులన్నియు క్షమింపదగినవిగ తోచును. ఆ చేతితోడనే ఆయన నలుగురిలో అర్థము చెప్పరాని పాటలును కొన్ని వ్రాసెను. ఈ మాట విని సోదరీమణులు కొందరు ముక్కుపై వ్రేలిడుకొనవచ్చును. కాని ఈ పాటలను దాచుటయా, చాటుటయా అను ప్రశ్నను ముందుగ ఎదుర్కొన్నది విమర్శకులు కారు, ఆయన ఇల్లాలు. కావుననే ఈ విషయము మన పత్రికలో విచారింపదగినదని మేము తలచితిమి.

ఆ పాటలలో పెక్కింటికి ‘కానన్’ అని పేరు. ఒకే వరుస స్వరమును ఒకరు మొదలిడుదురు. వారు కొంత సాగిన పిమ్మట రెండవవారు అదే పాటను మొదటినుండి ఎత్తుకొందురు. ఆ వెనుక మూడవవారు, నాలుగవవారు. అందరును పాడునది ఒకే పాటయైనను, ఏ క్షణమున చూచినను ఒక్కొక్కరు ఒక్కొక్కచోట నుందురు. అయినను అన్ని స్వరములును కలసి శ్రావ్యముగ వినబడవలెను. చీరను నాలుగు మడతలు పెట్టినపుడు అంచుమీద అంచు, పువ్వుమీద పువ్వు పడునట్లు నేయగలిగిన నేతగాని పనివంటిది ఈ రచన. పాట తనతో తానే పొత్తు కుదురవలెను. ఇందుకు వాద్యములక్కఱలేదు, సభ అక్కఱలేదు. విందు ముగిసిన వెనుక నలుగురు స్నేహితులు బల్లచుట్టు కూర్చుండి పాడుకొనదగినది. ఇంతటి కష్టమైన శిల్పమును మోజార్టు ఎంతటి మోటు మాటలకు తొడిగెనో తలచిన ఆశ్చర్యము కలుగును.

1782 ప్రాంతమున వియన్నాలో ఆరుగురు గాయకులకై ఆయన కూర్చినదిగ చెప్పబడు కానన్ ఒకటి యున్నది. దాని మొదటి మాటలు, ఒకని మాటను లెక్కచేయక పొమ్మనునపుడు జర్మనులు వాడు తిట్టు. తన వెనుకభాగమును నాకుమని దాని అర్థము. ఒక్కసారి చెప్పితిమి, ఇక మరల చెప్పము. ఈ తిట్టు మోజార్టు కల్పన కాదు. మహాకవి గేటే 1773లో ప్రకటించిన ‘గోట్జ్’ నాటకమున వీరుడైన నాయకుని నోటనే ఇది వెలువడినది. ఆనాటి జర్మను దేశములలో రైతునకును, దొరకును, కవికిని తెలిసిన మాటయే యిది.

ఇంతకంటె చమత్కారమైనది ‘డిఫ్ఫిచిలే లెక్తు’ అను ముగ్గురి కానన్. యోహాన్ పైయెర్లు అను గాయకుడు మోజార్టునకు స్నేహితుడు, బవేరియా దేశమువాడు. అతని ఉచ్చారణము వింతగ నుండి మిత్రులకు వినోదము కల్పించెడిది. మోజార్టు లాటిను భాషవలె కనబడు కొన్ని మాటలను పేర్చి పాటకట్టి అతనిచేత పాడించెను. కాగితముపై చూచినచో శాస్త్రగ్రంథమందలి వాక్యమువలె గంభీరముగ నుండును. పైయెర్లు తన యాసతో పాడినంతనే ఆ లాటిను మాటలు పైన చెప్పిన జర్మను తిట్టుగ వినబడును. అందలి వేరొక మాట మరలమరల పాడగా అక్షరములు తారుమారై ఇటాలియను భాషలోని మోటుమాటగ మారును. పాట ముగిసి, పాపమా గాయకుడు కాగితమును తిరుగవేయగా, వెనుకవైపున తన్నే గాడిదయని పిలుచు మరియొక కానన్ సిద్ధముగ నుండెనట! ఈ కథను గాట్‌ఫ్రీడ్ వేబరు అను సంగీతజ్ఞుడు 1824లో తన పత్రికయందు మోజార్టు చేవ్రాతయొక్క ప్రతిరూపముతో సహా ప్రకటించెను.

మన ఆలంకారికులకు ఈ విద్య తెలియనిది కాదు. మమ్మటుడు కావ్యప్రకాశమున దోషములను చెప్పుచు అశ్లీలమును మూడు తెగలు చేసెను: సిగ్గు కలిగించునది వ్రీడ, ఏవము కలిగించునది జుగుప్స, కీడు స్ఫురింపజేయునది అమంగళము. అంతటితో పోక, విడివిడిగ నిర్దోషములైన రెండు పదములు సంధివలన కలసినపుడు తప్పుమాట వినబడుటను గూడ దోషములలో చేర్చెను. మన కవులు భయపడి తప్పించుకొనుచు వచ్చిన గుంటలోనికే మోజార్టు కోరి దుమికి, దానినే పాటకు ప్రాణముగ చేసెను. ఇంకొక విశేషము గమనింపదగియున్నది. ఈ కానన్‌లలో ఎక్కువగ కనబడునది రెండవ తెగయగు జుగుప్సయే, మొదటిదగు వ్రీడ తక్కువ. స్త్రీలను బజారున కీడ్చి నవ్వు పుట్టించుట ఇందు ప్రధానము కాదు. ఇది చిన్నపిల్లలు చాటుమాటుగ చెప్పుకొని పొరలిపొరలి నవ్వుకొను మలమూత్రముల హాస్యము. తేడా యెంత చిన్నదైనను ఆడువారమైన మనము దీనిని గుర్తింపవలెను.

1784 ఫిబ్రవరి మొదలు మోజార్టు తన రచనలను తేదీలతో ఒక పట్టికలో వ్రాసికొనుచుండెను. 1788వ సంవత్సరపు పుట చూడుడు. జూన్ 26న ఒక మహావాద్యరచన పూర్తియైనట్లున్నది. మూడు దినములకు, జూన్ 29న, ఆయన ఆరునెలల పసికూన తెరేసియా మరణించెను. పట్టికలో ఆ మాట లేదు. జూలై 25న రెండవ మహారచన, ఆగస్టు 10న మూడవది, ఇవియే ఆయన కడపటి మూడు సింఫొనీలు. ఆ వేసవిలోనే ఋణము కోరుచు మిత్రునికి దీనముగ లేఖలు వ్రాసికొనెను. పిమ్మట సెప్టెంబరు 2న ఒక్కదినముననే పది కానన్‌లను చేర్చెను. వీనిలో కొన్ని అంతకుముందే పుట్టియుండవచ్చును. మొదటిది ‘అల్లెలూయా’ యను దైవస్తోత్రము, రెండవది ‘ఆవే మరియా’, మూడవది కన్నీటిపాట. ఏడవది పైన చెప్పిన లాటిను పరిహాసము. తొమ్మిదవదగు ‘బోనా నాక్స్’, ఐదు భాషలలో శుభరాత్రి చెప్పుచు నడుమ మోటుగ పరిహసించు పాట. దేవుని పాటయు, దుఃఖపు పాటయు, పడుకొనబోవువేళ పాడు పెంకె పాటయు ఒకే పుటలో ఒకే తేదీక్రింద నున్నవి. ఆయన మనస్సులో వీనికి వేరువేరు గదులు లేవు.

ఈ నవ్వు ఆయనకు వీథిలో అబ్బినదికాదు, ఇంటినుండియే వచ్చినది. తల్లి అన్నా మరియా 1777 సెప్టెంబరులో కుమారునితో మ్యూనిక్కున నుండి, సాల్జుబర్గులోని భర్తకు లేఖ వ్రాయుచు, ఇట్టి మోటు ప్రాసలతోనే సుఖనిద్రను కోరెను. పినతండ్రి కూతురగు మరియా అన్నా తెక్లాకు మోజార్టు వ్రాసిన వికటలేఖలలో తొమ్మిది నేటికి నిలిచియున్నవి. సాల్జుబర్గున వారి యింట ఆదివారపు వినోదముగ బొమ్మలు వ్రాసిన పలకలపై గాలితుపాకితో గురిచూచి కొట్టెడివారు. ఆ బొమ్మలును పెక్కుసార్లు పరిహాసములే. తల్లి, అక్క, పినతండ్రి కూతురు, వీరందరును నవ్విన నవ్వే పాటయందు ప్రవేశించినది. స్త్రీలు చెవులు మూసికొనగా పురుషులు పాడుకొన్న పాటలని వీనిని తలచుట పొరపాటు.

ఇల్లాలు కాన్‌స్టాన్స్‌కును పాటలో భాగముండెను. ‘రిబ్బను పాట’యని పేరొందిన ముగ్గురి గీతమున ఆమె రిబ్బను కనబడక వెదకులాడుచుండగా, భర్తయు స్నేహితుడగు యాకెనును కలసి ఆటపట్టింతురు. వియన్నా ఇంటిభాషలోనే కూర్చిన ఈ పాటలో అశ్లీలమేమియు లేదు. సంసారములో ఒక సాయంకాలము, అంతే. దీనిని పరిహాసపు కానన్‌ల ప్రక్కనుంచి చూచినపుడే ఆ కానన్‌లు ఎట్టి యింటిలో పుట్టెనో తెలియును.

ఇటీవలివారిలో కొందరు ఈ హాస్యమునకు రోగముపేరు పెట్టబూనిరి. 1992లో ఒక వైద్యుడు ఆంగ్ల వైద్యపత్రికలో వ్యాసము ప్రకటించి, తన వశము తప్పి బూతులు పలికించు నరముల జబ్బు మోజార్టునకు ఉండెనని వాదించెను. పలువురు పండితులు దీని నంగీకరింపలేదు. కారణము సులభము. తల్లికిని, మిత్రులకును, గేటేకును, ఆనాటి జర్మను ప్రజలకును సమానమైన మాటను ఒక్కని రోగమనుట చెల్లదు. అంతియేగాక, వశము తప్పిన నాలుక ముగ్గురి స్వరములను లెక్కతప్పక కలుపు పాటను కట్టునా?

ఇక ఇల్లాలి వివేకమును గూర్చి. 1791లో భర్త గతించునాటికి కాన్‌స్టాన్స్‌కు ఇరువది తొమ్మిదేండ్లు. ఆరుగురు బిడ్డలలో మిగిలినవారు ఇద్దరు కుమారులు. పెద్దవానికి ఏడేండ్లు, చిన్నవానికి నాలుగునెలలు. మిగిలినది ఋణము, చేవ్రాతకాగితముల మూట. ఆ కాగితములే ఆమెకు స్త్రీధనమైనవి. లైప్జిగు నగరమందలి బ్రైట్‌కోఫు ప్రచురణశాలవారు మోజార్టు రచనలను సంపుటములుగ తెచ్చుచుండగా, 1799లో ఆమె ఈ కానన్‌లను వారికి పంపుచు, అచ్చునకు తగినట్లు మాటలు మార్చుకొనవలసియుండునని తెలిపెను. పినతండ్రి కూతురి లేఖలను గూర్చి, అవి రుచిలేనివే యైనను మిగుల చమత్కారములనియు, జీవితచరిత్రలో ప్రస్తావింపదగినవే గాని పూర్తిగ అచ్చువేయదగినవి కావనియు అభిప్రాయపడెను. ఈ ఉత్తరప్రత్యుత్తరములలో ఆమెకు నిస్సెన్ అను డేనిషు ఉద్యోగి తోడ్పడుచుండెను. తరువాత 1809లో ఆమె అతనిని వివాహమాడెను.

ఆమె చేసిన పనిని గమనింపుడు. కాగితములను పొయ్యిలో వేయుట ఆమె చేతిలోని పని. చేసియున్నచో ఎవరును అడిగెడివారు కారు. బిడ్డల గౌరవము, తన బ్రదుకుతెరువు, భర్త కీర్తి, మూడును ఆ కాగితములమీదనే నిలిచియుండెను. ఆమె కాల్చనూలేదు, చాటనూలేదు. ‘ఇవి ఉన్నవి. వీనిలో చమత్కారమున్నది. సభకు మాత్రము తగవు’ అను తీర్పే ఆమె చేతలయందు కనబడుచున్నది. రెండువందల యేండ్ల పిమ్మట పండితులు చెప్పగలిగినదియు దీనికంటె ఎక్కువ లేదు.

తీర్పు మంచిదే గాని దానిని అమలుపరచిన ప్రచురణకర్తల చేతిలో కొంత నష్టము జరిగినది. ఆరుగురి కానన్‌కు వారు ‘ఉల్లాసముగ నుందము’ అను అర్థమిచ్చు సాధువైన మాటలు తొడిగించిరి. అసలు మాటలలో మొదటివి మాత్రమే వారి జాబితాలో నిలిచి తక్కినవి అదృశ్యములైనవి. పాటకును మాటకును గల సంబంధము తెగినది. స్వరము కన్నుగీటుచుండగా మాట జపము చేయుచున్నట్లాయెను. 1991లో అమెరికాయందలి హార్వర్డు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు చేరిన ఒక పాత అచ్చుప్రతిలో ఎవరో తొమ్మిది కానన్‌ల క్రింద చేతితో వ్రాసిన మోటుమాటలు కనబడినవి. వానిలో ఆరు, వేరుచోట్ల దొరకిన మూలప్రతులతో సరిపోయినవి. కావున తక్కిన మూడును అసలువే కావచ్చునని పండితుల యూహ. అచ్చులో తీసివేసినదానిని ఎవరో పాడుకొనువారు అంచులలో కాపాడిరన్నమాట! మరియొక వింత: ఆయనకు అంటగట్టిన ఇట్టి కానన్‌లలో ఒకటి ట్రన్కా యను వైద్యుడు రచించినదని 1988లో తేలినది. మోటుపాటల ఆస్తిలోను దాయభాగము సరిచూడవలసివచ్చెను.

మన పెండ్లిపందిళ్లలో వియ్యపురాలిని ఆటపట్టించు పాటలు పాడిన పెద్దముత్తైదువలు ఈ మర్మమును చక్కగ నెఱుగుదురు. ఆ పాటలు భోజనపంక్తివద్ద చెల్లును, దేవుని గదిలో చెల్లవు. పరిహాసములో నోరు నొక్కుకొని నవ్విన కోడలు మరునాడు ఆ మాటనే వీథిలో పలుకదు. అశ్లీలదోషమును చెప్పిన మన లాక్షణికులే ఔచిత్యమును గూడ బోధించిరి, చోటెఱిగినచో కొన్ని దోషములు గుణములగునని చెప్పిరి. మోజార్టు ఈ పాటలను సభకై వ్రాయలేదు. చోటు మార్చినది లోకము.

కావున మన బిడ్డలు ఆయన సంగీతమును నేర్చుకొనునపుడు ఆయనను పాలరాతి విగ్రహముగ చూపవలదు. విగ్రహము ఎన్నడును నవ్వదు, ఏడువదు. అట్లని ఆ నాలుగు మోటుపాటలనే ముందుంచి, ‘ఇదిగో, మహనీయుని అసలు రూపము’ అని చంకలు గుద్దుకొనువారి వెంటను పోవలదు. వయస్సు వచ్చినపుడు, ఇంటిలో, నలుగురు ఆత్మీయుల నడుమ, ఇదియు ఆయనదే యని చెప్పి నవ్వుకొనిన చాలును. పసికూనను పోగొట్టుకొన్న ఇల్లది. అప్పులవారికి జవాబు చెప్పుకొన్న ఇల్లది. ఆ ఇంట నవ్వు మిగిలియుండుటయే మాకు గొప్పగ తోచుచున్నది. ఆ నవ్వును కాల్చివేయక కాగితముల మూటలో భద్రపరచిన ఇల్లాలికి సంగీతలోకము ఋణపడియున్నది.