రిజిస్టరులో వేలిముద్ర చాలదు

ప్రభుత్వ పాఠశాల బాగోగులు చూసే బాధ్యత తల్లిదండ్రులకు చట్టమే అప్పగించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. గ్రాంట్ల ఖర్చు ఎలా జరుగుతోందో చూడటమూ కమిటీ పనే.

అయితే పగటిపూట సమావేశం పెడితే కూలికి వెళ్లే తల్లి ఎలా వస్తుంది? వస్తే ఆ రోజు కూలి పోతుంది. రిజిస్టరునే ఇంటికి పంపి వేలిముద్ర వేయించుకుంటే అడిగే నోరు మూసినట్లే.

2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. మంచిదే. కానీ మిరప కోతల వేళ పిల్లవాడు నాలుగు రోజులు బడికి రాకుంటే, ఆ సాయంత్రమే మాస్టారు వాళ్ల గుమ్మం తొక్కాలి. సమావేశమూ పొద్దుగూకాక పెట్టాలి. అప్పుడే అది తమ బడి అని ఊరు అనుకుంటుంది.