ఆయాసానికి పడక్కుర్చీ మందు కాదు

ఏళ్ల తరబడి చుట్ట పొగో, కట్టెల పొయ్యి పొగో పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారిని ఇంటిల్లిపాదీ ఎంతో ప్రేమతో పడక్కుర్చీకి అప్పగిస్తారు. లేవబోతే వారిస్తారు. ప్రమాదమంతా ఆ ప్రేమలోనే ఉంది.

నడిస్తే ఆయాసం. దానికి భయపడి కూర్చుంటే తొడ కండరాలు క్షీణిస్తాయి. క్షీణించిన కండరాలు కొద్ది శ్రమకే అలసి, ఊపిరిపై మరింత భారం మోపుతాయి. నిన్న వీధి చివరి దాకా వెళ్లిన మనిషి నేడు గడప దాటలేడు.

పూర్వం వైద్యులు సైతం విశ్రాంతినే విధించేవారు. 1952లో అమెరికా వైద్యుడు ఆల్వన్ బరాక్ ఇద్దరు రోగులచేత వ్యాయామం చేయించగా, ఆయాసం లేకుండా నడిచే శక్తి వారిలో క్రమంగా పెరిగింది. క్రీడాకారుల సాధన వంటి ఫలితమే ఇదని ఆయన ఊహించారు. కోపెన్‌హాగెన్‌లో సాగిన దీర్ఘకాల పరిశీలన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. వారానికి రెండు గంటలైనా నడిచిన, సైకిలు తొక్కిన రోగులలో ఆసుపత్రి పాలుకావడమూ, శ్వాసకోశ వ్యాధులతో మరణించడమూ 30 నుంచి 40 శాతం తక్కువ. బలమున్నవారే నడిచారేమో అనవచ్చు. ఆ సందేహం కొట్టివేయదగినది కాదు. అయినా కూర్చోవడానికి అనుకూలమైన సాక్ష్యం మాత్రం ఎక్కడా లేదు.

వైద్యుని అనుమతితో అరగంటకొకసారి లేవాలి. పెదవులు సున్నాలా చుట్టి నెమ్మదిగా గాలి వదులుతూ పది అడుగులు వేయాలి. అలసట కలిగితే ఆగి, మళ్లీ నడవాలి. ఇంటివారు చేయవలసింది ఒక్కటే: మంచినీళ్ల చెంబును కుర్చీ పక్కనుంచి తీసి వంటింటి గట్టుమీద పెట్టడం.