కింగ్‌స్టన్: సరస్సు ఒడ్డున రాతి నగరం

కెనడా చదువంటే టొరంటో ఒక్కటే కాదు. ఒంటారియో సరస్సు నుండి సెయింట్ లారెన్స్ నది మొదలయ్యే చోట కింగ్‌స్టన్ ఉంది. 1673లో ఫ్రెంచివారు ఇక్కడ కోట కట్టారు. 1841 నుండి 1844 వరకు ఇది కెనడా ప్రావిన్సుకు మొదటి రాజధాని. పాత భవనాల్లో చాలా వరకు సున్నపురాయివే. ఇక్కడి నుండి ఒట్టావా వరకు 202 కిలోమీటర్ల రిడో కాలువను 2007లో యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది.

రాజధాని తరలిపోయినా, 1841లో స్థాపించిన క్వీన్స్ విశ్వవిద్యాలయం నిలిచింది. అధికారం పోయినా చదువు ఊరిని నిలబెట్టింది.

వెళ్ళేవారు ముందే గది చూసుకోండి. విద్యార్థుల ఊరు కనుక అద్దె ఇళ్ళకు పోటీ ఎక్కువ. చలికాలం సున్నా కంటే కిందే. మన హాస్టల్లో గంట కొడితే అన్నం. అక్కడ మన వంట మనదే. ఇప్పుడే నేర్చుకోండి!