ఆకాశమున రెండు దారులు

అమెరికా సైన్యమున విమానములు నడపినవారు కొలువు వీడునపుడు, ప్రయాణికుల విమాన సంస్థలో చేరుటయా, సరిహద్దులను కాచు కేంద్ర ప్రభుత్వ వైమానిక శాఖలో చేరుటయా అను ప్రశ్న పలువురికి ఎదురగుచుండును. బిడ్డల జీవనోపాధిని గూర్చి యోచించు తలిదండ్రులకు ఈ తర్కము ఉపకరించునని తలచి వివరించుచున్నాము.

విమాన సంస్థలో కాలక్రమమున వేతనము మిక్కిలి పెరుగును. సామాన్యులకు 1500 గంటల అనుభవము కావలసిన చోట, సైనిక చోదకులు 750 గంటలతో సహచోదకులుగా చేరవచ్చును. 65వ యేటివరకు పనిచేయవచ్చును. అయితే అచట సర్వమును సీనియారిటీయే నిర్ణయించును. సంస్థ మారినచో మరల అట్టడుగు మెట్టే. 2001లో ప్రయాణములు తగ్గినపుడు కడపట చేరినవారే మొదట పని కోల్పోయిరి.

ప్రభుత్వ శాఖలో చోదకుడు చట్టరక్షకుడు కూడ. ఆయుధము ధరించును, నేరస్థులను నిర్బంధించును. వేతనమునకు పరిమితి కలదు గాని, ఇరువది యేండ్ల సేవ నిండినచో 50వ యేటనే పింఛను లభించును. సాధారణముగా 57వ యేట విరమింపవలెను. చేరుటకును వయోపరిమితి కలదు. కావున జాగు చేసినచో ఈ ద్వారము మూసికొనవచ్చును. విమాన సంస్థ ద్వారము తెరచియే యుండును గాని, జాగైన ప్రతి యేడును సీనియారిటీలో నష్టమే.

కనుక ఉద్యోగము నెంచునపుడు మొదటి నెల జీతము నొక్కదానినే చూడరాదు. ఏ ద్వారము ముందుగా మూసికొనునో, కష్టకాలమున ఏది నిలుచునో, బిడ్డ మనస్సు దేనియందు కలదో విచారించుట మేలని మా మనవి.