ఉప్పెన ముందు మాకు, కాలవ నీరు చివర మాకు: దివిసీమ ఊళ్ల కథ

విజయవాడలో బస్సెక్కి ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి దాటితే పులిగడ్డ వస్తుంది. అక్కడ కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయల నడుమ, దిగువన సముద్రం హద్దుగా వున్న నేలే దివిసీమ. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక దాని ముఖ్య కేంద్రాలు.

ఇక్కడి ఊరి పేర్లు వింటే చాలు, నేల సంగతి తెలుస్తుంది. లంక అంటే ఏరు మేట వేసిన నేల. తిప్ప అంటే ఇసుక దిబ్బ. గుంట అంటే నీరు నిలిచే పల్లం. పాలెం అంటే పెద్ద ఊరికి దూరంగా కష్టజీవులు వేసుకున్న గుడిసెల వరస. నాగాయలంక, పాలకాయతిప్ప, నాచుగుంట, మూలపాలెం - ఈ పేర్లు కరణం రాసినవి కావు, బతకడానికొచ్చిన జనం పెట్టుకున్నవి.

ఆ మధ్య నాగాయలంక దిగువన ఒక పాలెంలో కూలీల సమావేశం జరిగింది. ఉపన్యాసాలు అయ్యాక ఒక ముసలమ్మ లేచి ఒక్కమాట అన్నది: "ఉప్పెన నీళ్లు ముందు మాకొస్తయ్యి బాబూ, కాలవ నీళ్లు చివర మాకొస్తయ్యి." దివిసీమ చరిత్ర అంతా ఆ మాటలో వున్నది.

ఈ గడ్డ కోసం 18వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ పోటీపడ్డారు. బందరు రేవు పక్కనే వుండటం దానికి కారణం. చివరికి కంపెనీదే పైచేయి అయింది. తర్వాత 1832-33లో డొక్కల కరువు వచ్చి గుంటూరు సీమలో లక్షకు పైగా జనాన్ని మింగింది. జనం చస్తే శిస్తు ఎవరు కడతారు? ఆ చింత మొదలయ్యాక కదిలారు దొరలు. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసింది. పుస్తకాల్లో కాటన్ పేరు వున్నది, పని చేయించిన కెప్టెన్ ఆర్ పేరు వున్నది. మట్టితట్ట మోసిన మనిషి పేరు మాత్రం లేదు.

ఆ నీరు మొదట్లో దివికి అందలేదు. ఏరు అడ్డం. 20వ శతాబ్దం తొలి రోజుల్లో ఇంజన్లు పెట్టి ఏటినీరు తోడారు. ఆపైన పులిగడ్డ దగ్గర అక్విడెక్టు కట్టి, ఏటి మీదుగా కాలవ దాటించారు. చవుడు నేల మాగాణి అయింది. నీరు వచ్చేసరికి భూమికి ధర వచ్చింది, ధర వచ్చేసరికి దానికి యజమానులు వచ్చారు.

అప్పుడే ఊళ్లు ఇప్పుడున్న తీరుకు వచ్చాయి. కాలవ గట్టున, మెరక మీద కామందుల లోగిళ్లు. పల్లంలో మాలపల్లె, మాదిగపల్లె. ఇంకా దిగువన, ఉప్పుటేళ్ల ఒడ్డున పల్లెకారుల పాలేలు, యానాదుల గుడిసెలు. నాట్లకూ కోతలకూ చేతులు కావాలి గనక కూలీలను రానిచ్చారు. నిలవడానికి మెరక మాత్రం ఇవ్వలేదు.

ఆ ఏర్పాటు ఎంత ఘోరమైనదో 1977 నవంబరు 19న తేలింది. అంతకు 113 ఏళ్ల ముందు, 1864 నవంబరు 1న, ఇదే తీరంలో బందరు ఉప్పెన దాదాపు 30 వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ పాఠం ఎవరూ నేర్వలేదు. 1977లో సముద్రం మూడు నిలువుల ఎత్తున లేచి మైళ్లకొద్దీ లోపలికి వచ్చింది. సర్కారు లెక్కలోనే పదివేల మంది పోయారు. మూలపాలెం, సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. గాలికి కులం లేదు, నిజమే. కానీ మట్టిగోడలకూ మేడకూ, పల్లానికీ మెరకకూ తేడా వున్నది. తుపాను ప్రకృతి తెచ్చింది. చావు ఎవరి వాకిట ముందు ఆగాలో భూమి పంపకం నిర్ణయించింది.

భూమి కోసం జనం చేతులు ముడుచుకు కూర్చోలేదు. చల్లపల్లి జమీందారు భూములపై పోరు స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. అయినా కాగితం మీద పోయిన భూమి కమతాల పేరున, బంధువుల పేరున నిలిచింది. పక్కనున్న మంగళాపురం బిడ్డ చండ్ర రాజేశ్వరరావు, కూలీల నాయకుడు గుంటూరు బాపనయ్య లాంటివారి వెనక నడిచి జెండాలు పాతింది నాగలి పట్టినవాళ్లే. 1973లో భూపరిమితి చట్టం వచ్చిందంటే దాని వెనక అటువంటి పోరాటాలున్నాయి.

సంపాదించుకున్నది నిలుపుకోవడం మరో పోరాటం. ఉప్పెన వచ్చిన 1977లోనే అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. పేదవాడి పట్టా అప్పుకింద పెద్దలపాలు కాకూడదని దాని ఉద్దేశం. కానీ 1990ల నుంచి రొయ్యల చెరువులు తవ్వుకొచ్చాయి. లీజు పేరుతో పట్టాభూములు చెరువులయ్యాయి. పొలమున్నప్పుడు నాటు, కలుపు, కోత - ఊరంతటికీ పని. చెరువుకు కాపలా కాసేవాడు ఒక్కడు చాలు. పక్క చేలకు ఉప్పు, బావికి ఉప్పు. వ్యవసాయ భూములనూ మడ అడవులనూ రొయ్యల చెరువులు చెయ్యకూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు ఢిల్లీలో వుండిపోయింది, పొక్లెయినర్లు తీరానికి వచ్చాయి. 2023లో, 20 ఏళ్లు దాటిన అసైన్డు భూమి అమ్ముకోవచ్చునని రాష్ట్రంలో చట్టం సవరించారు. హక్కు ఇచ్చామన్నారు. ఆకలితో వున్నవాడికి అమ్ముకునే హక్కు ఇస్తే భూమి ఎవరి చేతికి పోతుందో చెప్పాలా?

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద దిగింది. దిగువ లంకలు మునిగాయి. నష్టపరిహారం దగ్గర మళ్లీ పాత కథే: కౌలురైతుకు గుర్తింపు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని సంతకం కావాలి. సంతకం పెట్టేవాళ్లు ఎందరు?

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా వుండాలి. సాగులో వున్న పేదలకు లంకభూముల పట్టాలివ్వాలి. యజమాని సంతకంతో పని లేకుండా కౌలుకార్డులివ్వాలి. శివారు చేలకు వంతు ప్రకారం నీరు వదలాలి. అలను ఆపే మడ అడవిని నరకనివ్వకూడదు. ఇళ్లస్థలాలు పల్లంలో కాదు, మెరక మీద ఇవ్వాలి.

ఈ నేలకు హద్దులు ఏరు గీసింది. ఎవరు ఎక్కడ బతకాలన్నది మాత్రం మనుషులు గీసిన గీత. మనుషులు గీసిందాన్ని మనుషులే చెరపగలరు, కలిసి నిలబడితే.